తాళాల దొర ముఖం

మియోకో చేతిలోని ముద్ర కాగితం మీద పడటం లేదు.

స్టూడియోలో ఎదురుగా కూర్చుని దర్శకుడు ఉత్సుమి ఆశగా చూస్తున్నాడు. సంతకానికి బదులుగా రచయిత్రి ముద్ర పడితే బొమ్మలు గీసేవాళ్ళంతా పనిలోకి దిగుతారు. పడకపోతే సినిమా ఆగిపోతుంది. మియోకో రాసిన ఏడు మాయాలోకపు నవలలు ఎట్టకేలకు యానిమేషన్ సినిమా అవుతున్నాయి. పొద్దుటినుంచీ ఒక్కొక్క బొమ్మే చూసి ఒప్పుకుంటోంది. కథానాయికకి ముద్ర వేసింది. ఎగిరే నక్కకి వేసింది. మంచుకోటకి వేసింది. అన్నిటికీ టకటకా వేసేసి, ఆఖరి కాగితం దగ్గర బిగుసుకుపోయింది.

ఆ కాగితం మీద ఉన్నది తాళాల దొర.

మంచుకోటలో పిల్లల్ని గదుల్లోకి తోసి తాళాలు వేసే రాక్షసుడు. ఏడు పుస్తకాల్లోనూ వాడికి ముఖం లేదు. నడవాలో అడుగుల చప్పుడు, తలుపు తీసే ముందు చిన్న దగ్గు, అంతే. ముఖం రాయకపోవడంలోనే గొప్పతనమంతా ఉందని విమర్శకులు పొగిడి పొగిడి అలిసిపోయారు. పాపం, వాళ్ళకేం తెలుసు! రాయబోతే ఆమెకి కలం కదిలేది కాదు.

పుస్తకంలో దాచినవాణ్ణి సినిమాలో దాచడం కుదరదు. నడిచేవాడు ఎక్కడో ఒకచోట ఇటు తిరగాలి. అందుకే ఏ పాత్రనైనా ముందునుంచీ పక్కనుంచీ వెనకనుంచీ గీసి పెట్టుకుంటారు. కోపంగా ఉంటే ఎలా ఉంటాడు, నవ్వితే ఎలా ఉంటాడు, అన్నీ గీస్తారు.

ఈ కాగితం మీది నవ్వు చూశాకే మియోకో చెయ్యి ఆగిపోయింది. ఒకవైపు పెదవి మాత్రమే పైకి లేచిన నవ్వు. కొట్టబోయే ముందు వాళ్ళ నాన్న అలాగే నవ్వేవాడు.

సందేహం లేదు, నాన్నే. కుడి కనుబొమ్మని రెండుగా చీల్చిన మచ్చతో సహా నాన్నే. ఆమెని పరుపులు పెట్టే అల్మారాలో పడేసి, బయట గొళ్ళెం పెట్టిన మనిషి. ఆమెకి పదేళ్ళప్పుడు ఇల్లు వదిలి పోయాడు. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "మళ్ళీ వస్తా" అన్నాడు.

ఆ ఒక్క మాటకి జడిసి అమ్మ ఊరు మార్చింది. మియోకో పేరు మార్చుకుంది. ఇంత పేరొచ్చినా పుస్తకాల అట్టల మీద తన ఫొటో వేయనివ్వలేదు. నాన్న ఫొటోలన్నీ అమ్మ ఎప్పుడో తగలబెట్టేసింది. ఇక ఆ ముఖం తన తలలో తప్ప ఈ లోకంలో మరెక్కడా లేదనుకుంది. మరి ఈ కాగితం మీదికెలా వచ్చింది?

"ఎండదెబ్బ తగిలిందా సెన్సెయ్? ముఖం తెల్లగా పాలిపోయింది," అంటూ ఉత్సుమి చల్లటి బార్లీ టీ ముందుకు జరిపాడు.

"ఇది... ఎవరు గీశారు?"

"మా రిత్సుకో. అదుగో, ఆ మూల తలుపుకేసి చూస్తూ కూర్చుందే, ఆవిడే. ఏం పిల్లండీ బాబూ! పెద్ద పెద్ద సినిమాలు వదులుకుని, ఈ పని నాకే ఇవ్వమని నా ప్రాణం తోడేసింది. నక్క ఒక్కదానికే నెలలు పట్టిందా, ఈ తాళాల దొరని మాత్రం ఒక్క పూటలో దించేసింది. 'ఎవర్ని కూర్చోబెట్టి గీశావే తల్లీ?' అంటే, 'నేను చూసిన మనిషే' అంటుంది. రాత్రి నా కల్లోకి కూడా వచ్చాడనుకోండి!" ఉత్సుమి పగలబడి నవ్వాడు.

చూసిన మనిషే.

అంటే బతికే ఉన్నాడు. పుస్తకాలు చదివాడు. అందులో ఉన్నది ఎవరో వాడికి తెలియకుండా ఉంటుందా? ఎవరు రాశారో కూపీ లాగాడు. వస్తానన్నవాడు వచ్చేశాడు. ముందుగా ఈ పిల్లని పంపాడు.

అడ్డుతెర వెనక ఎవరో దగ్గారు.

మియోకో చేతిలోంచి ముద్ర జారి నేల మీద దొర్లింది. అడ్డుతెర వెనకనుంచి లెక్కల గుమాస్తా నూడుల్స్ గిన్నె పట్టుకుని బయటికొచ్చి, సిగ్గుపడుతూ వంగి నమస్కరించి పోయాడు.

లేచి పారిపోవాలనిపించింది. కానీ ఎటు పారిపోవాలో తెలియాలంటే వాడెక్కడున్నాడో తెలియాలి.

"ఆ అమ్మాయితో మాట్లాడాలి. ఒంటరిగా," అంది.

ఉత్సుమి లేచి వెళ్ళాడు. రిత్సుకో వచ్చింది. ముప్ఫై దాటిన మనిషి. ఇంత ఎండల్లోనూ మణికట్టు దాకా చేతులున్న చొక్కా. కూర్చోలేదు. రెప్ప వేయకుండా మియోకోనే చూస్తూ నిలబడింది.

"ఎక్కడున్నాడు వాడు?"

"ఎవరు సెన్సెయ్?"

"నాటకాలాడకు. నిన్ను పంపినవాడు."

"నన్నెవరూ పంపలేదు. చిన్నప్పుడు మీ పుస్తకంలో ఆ దగ్గు గురించి చదివినప్పటినుంచీ మిమ్మల్ని కలవాలని నాకే ఉండేది."

"అబద్ధం! నీకు దణ్ణం పెడతాను, వాడెక్కడున్నాడో చెప్పు. ఈ సినిమా వద్దు, ఏమీ వద్దు. నేను ఎటైనా పోతాను. నన్ను చూశానని మాత్రం వాడితో చెప్పకు."

రిత్సుకో నెమ్మదిగా ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. దొర్లిపోయిన ముద్రని తీసి ఆమె అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"ఇక రాడు. కిందటి చలికాలంలో చచ్చిపోయాడు."

"నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేముంది," అంది రిత్సుకో. "బూడిదలోంచి నాన్న ఎముకలు పుల్లలతో ఏరింది నేనే, అక్కా."