మొగలి ఆవిరి

అవార్డు పుచ్చుకోవడానికి తనతో పాటు చిట్టమ్మ కూడా వేదిక ఎక్కాలని గౌరీశంకర్ పట్టుబట్టాడు.

"నానేటి, స్టేజీ ఎక్కడమేటి బాబూ! జనం నవ్వుతారు," అంది చిట్టమ్మ.

"నువ్వు రాకపోతే నేనూ వెళ్లనప్పా," అన్నాడు. ఆమెని అతను అక్కని పిలిచినట్టు అప్పా అనే పిలుస్తాడు.

ఆ మాట అతని పరిశోధనశాల డైరెక్టరు దాకా వెళ్లింది. ప్రభుత్వ పరిశోధనశాలలో పుట్టి, పరిశ్రమలో నిలదొక్కుకున్న యంత్రానికి ఇచ్చే అవార్డు అది. శాస్త్రవేత్తకొకటి, కంపెనీకొకటి, రెండే జ్ఞాపికలు. మొగలిపూలు కోసే కూలీకి ఏ హోదాలో కుర్చీ వేయాలో ఎవరికీ పాలుపోలేదు. చివరికి 'ముఖ్య సహాయకురాలు' అని రాసుకున్నారు.

వానలు పడగానే గంజాం తీరమంతా మొగలి పూస్తుంది. కోసిన పువ్వు తైలం తీసే బట్టీ చేరేసరికి సగం పరిమళం దారిలోనే పోతుంది. పైగా పూలు ఉడికే రాగి డేగిసాని ఎప్పుడు దించాలో వాసన పట్టి చెప్పే పాతకాలపు మేస్త్రీలు ఒక్కొక్కరే రాలిపోతున్నారు. పొదల దగ్గరికే మోసుకుపోగల చిన్న బట్టీని తయారుచేయమని గౌరీశంకర్‌కి పని అప్పగించారు.

అతని భార్య వాగ్దేవి చనిపోయిన ఏడే ఆ పని మొదలైంది.

బరంపురంలో వాళ్లది రెండు గదుల అద్దె ఇల్లు. ఆమె పోయాక అందులో అతనొక్కడే. వంటింట్లో పాలు మాడి కంపు వీధిదాకా వచ్చినా ముందుగదిలో పుస్తకంలోంచి తలెత్తేవాడు కాదు. పక్కింటి అరుణ పరుగున వచ్చి స్టవ్ కట్టేసేది. ఒకసారి పాసిపోయిన పప్పు కలుపుకుని తింటుంటే చూసి పళ్లెం లాగేసుకుంది.

"ఆవిడతోనే ఈయన పేణం కూడా ఎల్లిపోనాది," అని వీధిలో అందరికీ చెప్పి కళ్లు ఒత్తుకుంది.

వాగ్దేవి చీరలు అతను ఎవరికీ ఇవ్వలేదు. అప్పుడప్పుడు ఒకటి తీసి ముఖానికి ఆనించుకుని చాలాసేపు కూర్చునేవాడు. వెతికింది దొరకనట్టు మళ్లీ మడతపెట్టేవాడు.

ప్రయోగాలు తీరంలోని సోనేపూర్ దగ్గర జరిగాయి. ముప్ఫై ఏళ్లుగా పూలు కోస్తున్న చిట్టమ్మ అక్కడే పరిచయమైంది. మొదటి విడత నాడు గౌరీశంకర్ బట్టీ పక్కనే కూర్చుని నోట్సు రాసుకుంటున్నాడు. పొదల్లోంచి చిట్టమ్మ కేక వేసింది.

"బాబూ! అడుగంటిపోతంది! మంట తీసెయ్యి!"

గంప పడేసి పరిగెత్తుకొచ్చి కట్టెలు లాగేసింది.

"పక్కనే కూకున్నావు గదా! ఏటాలోసిస్తన్నావు?"

 గౌరీశంకర్ ముఖం పాలిపోయింది.

మర్నాటి నుంచి అతని పద్ధతి మారింది. వేడికొక మీటరు, ఆవిరికొక మీటరు పెట్టాడు. దించే వేళకి మోగేలా గంట అమర్చాడు.

"మేస్త్రీ ముక్కు మీద ఆధారపడకూడదు. కళ్లూ చెవులూ ఉన్నవాళ్లెవరైనా నడపగలగాలి," అనేవాడు.

తైలం సీసాలోకి దిగగానే చిట్టమ్మ చేతికిచ్చేవాడు.

"ఎలా ఉందప్పా?"

"పచ్చి పచ్చిగుంది."

అంకెలు మార్చేవాడు.

"పొగసూరిపోనాది."

మళ్లీ మార్చేవాడు. మూడు వానాకాలాలు అలాగే గడిచాయి. మూడో ఏడు శ్రావణంలో ఒక రోజు చిట్టమ్మ సీసా మూత తీసి కళ్లు మూసుకుంది. ఎంతకీ తెరవలేదు.

"పొద మొదట్లో నిలబడ్డట్టుంది బాబూ," అంది.

అతను సముద్రం వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

బరంపురం గేట్ బజార్లో అత్తరు కొట్టుతో మొదలై కంపెనీ పెట్టిన లక్ష్మీకాంత్ ఆ బట్టీ తయారీ హక్కులు తీసుకున్నాడు. ఈ ఏడు తీరం పొడుగునా అవే బట్టీలు.

సభనాడు చిట్టమ్మ కొత్త చీర కట్టుకుని, కుర్చీ అంచున ముడుచుకుని కూర్చుంది. జ్ఞాపిక ఇచ్చాక ముఖ్య అతిథికి సరదా పుట్టింది. లక్ష్మీకాంత్ దగ్గర రెండు సీసాలు అడిగి తీసుకున్నాడు.

"ఒకటి పాత బట్టీది, ఒకటి మీది. ఏది మీదో చెప్పండి చూద్దాం!"

సభ గొల్లున నవ్వింది.  గౌరీశంకర్ సీసాలు రెండూ అందుకున్నాడు. ఒక్క క్షణం వాటినే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత చిట్టమ్మ దగ్గరికి నడిచి ఆమె చేతుల్లో పెట్టాడు.

"చెప్పాల్సింది ఈవిడండీ. నేను కాదు."

చిట్టమ్మ రెండు మూతలూ తీసింది. రెండో సీసా పైకెత్తింది.

"ఇదే మాది!"

చప్పట్లు మోగిపోయాయి. ఇంత వినయం ఉన్న శాస్త్రవేత్తని తాను చూడలేదన్నాడు అతిథి. మర్నాటి పేపర్లకి అదే మాట పట్టుకుపోయారు విలేకరులు.

ఫొటోలయ్యాయి. అందరూ భోజనాలకి కదిలారు. గౌరీశంకర్ వెళ్లలేదు. ఖాళీ హాల్లో, వెనక వరసలో, జ్ఞాపిక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చిట్టమ్మ వెతుక్కుంటూ వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది.

"ఓ మాట అడుగుతాను, సెప్తావా? అంత సదువు సదువుకున్నోడివి. కూలిదాన్ని, పతీ పాలీ నన్నే ఎందుకడిగినావు బాబూ?"

గౌరీశంకర్ గుమ్మం వైపు చూశాడు. ఎవరూ లేరు. ఇన్నాళ్లూ ఒక్కరికీ చెప్పుకోని మాట బయటపెట్టాడు. 

"మా వాగ్దేవిని తీసుకుపోయిన కరోనా, నన్ను వదిలేస్తూ నా వాసనలన్నీ పట్టుకుపోయిందప్పా, ఆనాటి నుంచీ నాకు మొగలి తైలమూ ఒకటే, మంచినీళ్లూ ఒకటే."