అర్థంలేని మాటలకు కోచింగ్

పంజాగుట్ట క్లినిక్‌లో డాక్టరమ్మ అర్థంలేని మాటొకటి పలికింది. ఆరేళ్ల పింకీ విని తిరిగి అనాలి. అంది. అని ఊరుకోకుండా, డాక్టరమ్మ తన లిస్టులోంచి ఇంకా పలకని మిగతా పంతొమ్మిదీ వరసగా అప్పజెప్పేసింది!

"అమీర్‌పేటల గీ పరీక్ష జిరాక్స్ మెటీరియల్ దొరికింది మేడమ్. పది దినాలు బట్టీ పట్టించిన," అంటూ తండ్రి కనకయ్య మీసం దువ్వాడు.

డాక్టరమ్మ లిస్టులో లేని మాట పలికింది. పింకీ దాన్ని తిరిగి అనలేకపోయింది.

"విన్న శబ్దం పట్టుకోలేని పిల్లలకే ఇక్కడ ఉచిత శిక్షణ. పాపకది అవసరమని నాకు తెలుస్తూనే ఉంది, కానీ కాగితం మీద ఇరవైకి ఇరవై పడితే రూలు ఒప్పుకోదండీ!"

మార్కుల్లేనివాడు మనిషే కాడని ఊరంతా బోర్డులు కట్టింది మనమే కదా, కనకయ్యనేం అనగలం?

అతను తల గోక్కున్నాడు. "ఫికర్ వద్దు మేడమ్. ఫెయిలయ్యేటందుకు సుత కోచింగ్ ఉంటది. జర పది దినాలు టైమియ్యుండ్రి."