ఊపిరి పీల్చే గోడ

రెండో కట్టడం మీద కూడా ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు పడేసరికి చిన్నబ్బ మేస్త్రికి నోరెండిపోయింది.

ఆదివారం పొద్దున చిత్తూరులో పాత కట్టడాల నడక. ఇంగ్లీషు దొరల కాలం నాటి బంగ్లాలు చూద్దామని ముప్పై మంది దాకా వచ్చారు. నడిపిస్తున్నది అనీసా మేడమ్. రోడ్డు వెడల్పు కోసం వీటిలో ఏవి కొట్టేయాలో, ఏవి ఉంచాలో తేల్చే అధికారి కూడా ఆవిడే. నడుస్తూ చరిత్ర చెబుతుంది, చెబుతూనే కాగితం మీద రాసేస్తుంది. వెనకాల బంట్రోతు ఎర్ర రంగు డబ్బాతో వస్తున్నాడు.

దొరల క్లబ్బు పోయింది. గుర్రాల లాయం పోయింది. ఇక మిగిలింది పాత ఖజానా.

అది నిలబడాలి. అది కూలితే చిన్నబ్బ బతుకు కూడా కూలినట్టే. కొట్టేస్తారన్న మాట చెవిన పడ్డప్పటి నుంచి, మూడు రోజులుగా ముద్ద గొంతు దిగడం లేదు. కాలేజీ పిల్లలూ, కెమెరాల వాళ్లూ ఉన్న ఈ గుంపులో ముతక పంచె కట్టుకున్నది తనొక్కడే. సిగ్గు పడే తీరిక కూడా లేదతనికి.

ఖజానా వసారాలో అడుగు పెడుతూనే అనీసా పెదవి విరిచింది.

"ఇక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. కప్పు కూడా దిగిపోయింది."

బంట్రోతు డబ్బా మూత తీశాడు. చిన్నబ్బ గోడకు అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు.

"మేడమ్, ఒక్క మాట. ఈ గోడమింద చెయ్యి పెట్టి సూడండి."

ఆవిడ మొహమాటానికి పెట్టింది. బయట ఎండ చురుక్కుమంటోంది. గోడ మాత్రం కొత్త కుండలా చల్లగా ఉంది.

"మూడడుగుల మందం మేడమ్! గానుగలో వారం దినాలు తిప్పిన సున్నం. బెల్లం నీళ్లు, కరక్కాయ రసం, కోడిగుడ్డు తెల్లసొన కలిపి మెత్తినారు. దీనికి ఊపిరుండాది. వానలప్పుడు తేమ పీల్చుకుంటాది, ఎండలప్పుడు వదిలేస్తాది. అదే సిమెంటు పూసినామనుకోండి, ఊపిరాడక గోడ లోపల్లోపలే సచ్చిపోతాది. ఇట్లాంటి గోడ ఇంక యాడ కట్టగలరు? కట్టేవాళ్లు యాడుండారు?"

పుట్టి బుద్ధెరిగాక అతను అంతసేపు మాట్లాడింది లేదు. పిల్లలు ఫోన్లు దించి వింటున్నారు.

"ఇంత తెలుసంటే, ఈ బంగ్లాలో పని చేసినట్టున్నారే పెద్దాయనా?"

"ఇరవై రెండేళ్లయింది మేడమ్. మరమ్మతులకని నేనూ, నా తమ్ముడు ధర్మేంద్రా వచ్చినాము."

"ఆయన ఇప్పుడెక్కడున్నారు?"

చిన్నబ్బ పంచె చెంగుతో మొహం తుడుచుకున్నాడు.

"పనికాడ మాటా మాటా పెరిగింది. అలిగి, పాకాలకు పోయి రైలెక్కేసినాడు. మళ్లీ రాలేదు. మా మరదలు రేవతి నుదుట బొట్టు పెట్టుకుని ఇప్పటికీ ఎదురు సూస్తానే ఉండాది."

అనీసా కళ్లు చెమర్చాయి.

"అందుకా ఈ గోడంటే మీకింత ప్రాణం!"

అతను వంగి ఆవిడ కాళ్లు పట్టుకోబోయాడు.

"దీన్ని మాత్రం కొట్టొద్దండి మేడమ్. మీకు పున్నెముంటాది."

ఆవిడ గబుక్కున పట్టుకుని లేపింది. బంట్రోతును డబ్బా మూసేయమంది. కాగితం మీద గీత కొట్టి, పక్కనే ఏదో రాసి సంతకం పెట్టింది.

"ఖజానా ఉంటుంది. దీన్ని ఇంకెవరూ ముట్టుకోలేరు."

అందరూ చప్పట్లు కొట్టారు. చిన్నబ్బ గోడకు ఆనుకుని కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఇక చచ్చేదాకా బెంగ లేదు అనుకున్నాడు.

అనీసా లోపలి గదిలోకి వెళ్లింది. కాసేపటికి అక్కడి నుంచే పిలిచింది.

"మేస్త్రీ! ఇటొకసారి రండి. ఇక్కడొక్క చోటే సిమెంటు పూసుందేమిటి?"

చిన్నబ్బ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"అది... పాత వాకిలి మేడమ్. పనికి రాదని మూసేసినాము. బాగానే ఉండాది కదా, వదిలేయండి."

"అదెట్లా? సిమెంటు గోడను చంపేస్తుందని మీరే చెప్పారు కదా! ఆ మాటే రాసి ఖజానాను నిలబెట్టాను. రేపు పొద్దున్నే పని మొదలు. ముందు ఈ సిమెంటు రాల్చి, వాకిలి తెరిపిద్దాం. మొదటి సమ్మెట దెబ్బ మీదే." ఆవిడ నవ్వుతూ అతని భుజం తట్టింది. "రేవతమ్మను కూడా తీసుకురండి. పాపం, మొగుడి చేతి పని చూసుకుంటుంది."

మళ్లీ చప్పట్లు మోగాయి.

పాకాలలో ఏ రైలూ ఎక్కని ధర్మేంద్ర, ఇరవై రెండేళ్లుగా ఆ సిమెంటు వెనకే ఉన్నాడు.