కొత్త లేని పిల్లాడు

"అమ్మ దగ్గరికి వెళ్ళరా" అంటూ నాయనమ్మ బుజ్జిగాణ్ణి తీసుకెళ్ళి కోడలి ఒళ్ళో కూర్చోబెట్టింది. వాడు ఒక్క క్షణం ఆ మొహంలోకి చూసి గుక్కపట్టాడు. ఒళ్ళోంచి జారిపోయి, వంటింటి గుమ్మంలో నిలబడ్డ పిన్ని కాళ్ళను చుట్టేసుకున్నాడు.

కోడలు నెలల తర్వాత ఆసుపత్రి నుంచి అప్పుడే ఇంటికొచ్చింది. తలకు గుడ్డ చుట్టుకుని, కుర్చీలో సగం కూడా నిండకుండా కూర్చుంది. డాక్టర్లు ఇంటికి తీసుకెళ్ళమన్నారంటే నయమైనట్టేనని నాయనమ్మ పొద్దుటి నుంచీ మురిసిపోతోంది.

చూడ్డానికొచ్చిన ఎదురింటావిడ, ఏం మాట్లాడాలో తోచక, పిల్లాడు కొత్త చేస్తున్నాడంతే, రేపటికి సర్దుకుంటాడంది.

ఆ మాటకు నాయనమ్మకు ఒళ్ళు మండింది. వీడికి కొత్త అనేది ఎప్పుడుందని? పాలవాడు చెయ్యి చాపినా వెళ్ళేవాడు. మీటరు చూడ్డానికొచ్చినాయన టోపీ లాక్కుని తను పెట్టుకునేవాడు. వీణ్ణి దొంగలెత్తుకెళ్ళినా వాళ్ళింట్లో అన్నం తిని పడుకుంటాడని వీధంతా నవ్వుకునేది. అలాంటివాడు పోయి పోయి కన్నతల్లి దగ్గరా కొత్త చేయడం?

కోపమంతా కోడలి చెల్లెలి మీదికి మళ్ళింది. పిల్లాణ్ణి చూసుకోమని పిలిపిస్తే, వచ్చీరాగానే గోడ మీద అక్క ఫొటో తీసేసింది. పిల్లాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళనివ్వలేదు. పైగా అక్క శాలువా కప్పుకుని ఒంటి మీది నుంచి దించదు, ఒక్కసారైనా ఉతికిన పాపాన పోలేదు. నాయనమ్మ అన్నీ ఎత్తి దులిపేసింది.

"ఇప్పుడు నిన్నే అమ్మా అంటున్నాడు. చల్లగా ఉందా నీ కడుపు?"

చెల్లెలు పిల్లాణ్ణి ఎత్తుకుని వీపు రాస్తూ నిలబడింది. వాడు శాలువా అంచు నోట్లో పెట్టుకుని, వెక్కుతూ వెక్కుతూ, అలాగే నిద్రపోయాడు.

"దాన్నేం అనకండి అత్తయ్యా" అంది కోడలు.

చెల్లెల్ని దగ్గరికి రమ్మంది. పిల్లాణ్ణి తాకలేదు. శాలువా కొస మాత్రం పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"నా వాసన పోయి అంతా నీ వాసనే అయిపోయిందే. నేను చెప్పినట్టే చేశావు. రేపు నేను పోయినా, వీడికి పోయేది ఎవరో కొత్తావిడ."