ఆగిపోయిన కబురు

"ఒకటి పోయింది," అన్నాడు డ్వేన్. చేతిలో డోనట్ అలాగే ఉండిపోయింది.

క్రిస్టా కుర్చీ తిప్పలేదు. "ఏది పోయింది?"

"పాత కబురు. ఎవరికో వెళ్లిపోయింది."

శనివారం పొద్దున. అమెరికాలో చలి ఊరైన డులూత్‌లో ఒక పిల్లల ఆసుపత్రి కంప్యూటర్ గదిలో వాళ్లిద్దరే ఉన్నారు. తల్లిదండ్రుల ఫోన్లకి కబుర్లు మోసే ఇంటిగ్రేషన్ సర్వర్‌నీ, అపాయింట్‌మెంట్లు చూసుకునే పాత సర్వర్‌నీ కలిపి ఒకే కాపురం పెట్టించాలి. ఆ పనికే డ్వేన్‌ని నెల కిందట ఎండల ఊరు ఫీనిక్స్ నుంచి పిలిపించారు. కలిపే ముందు, క్యూలో ఏళ్లుగా ఇరుక్కున్న కబుర్లన్నీ తుడిచెయ్యాలి. లేకపోతే కొత్త సర్వర్ లేచీ లేవగానే వాటిని బట్వాడా చేసేస్తుంది. తుడిచే పని క్రిస్టా అడిగి మరీ తీసుకుంది. ఆమె చేతిలో పొల్లు పోదని ఆసుపత్రంతా చెప్పుకుంటారు. అందుకే డ్వేన్ మళ్లీ చూసుకోకుండా కొత్త సర్వర్ని లేపే మీట నొక్కాడు.

"ఏముంది అందులో?"

తెర మీద పిల్లాడి పేరు, వాళ్లమ్మ నంబరు, కబురు ఉన్నాయి. తల్లి పేరు లేదు. డ్వేన్ చదివాడు. "ఎమెట్‌ని రేపు పదింటికి డాక్టరు దగ్గరికి తీసుకురండి. ఇష్టమైన బొమ్మ వెంట తెచ్చుకోవచ్చు." కింద ఎర్రక్షరాల్లో ఒక తేదీతో సర్వర్ హెచ్చరిక కనిపించింది. అతని గొంతు తగ్గిపోయింది. "క్రిస్టా, ఈ పిల్లాడు లేడు. పోయి మూడేళ్లయింది."

ఆమె కోటు దగ్గరికి లాక్కుంది.

డ్వేన్ డోనట్ బల్ల మీద పెట్టేశాడు. ఆ తల్లి ఏ కాఫీ కలుపుకుంటూనో ఫోను చూసి ఉంటుంది. లేని కొడుకుని రేపు తీసుకురమ్మంటే ఆ మనిషి ఏమైపోవాలి?

"మీరు ఒక్కటి కూడా వదలరు కదా. ఇదెలా తప్పిపోయింది?"

"నేనే వదిలేశాను. నీ మీదికి రానివ్వనులే."

"నా గొడవ కాదండీ. ఆవిడకి క్షమాపణ చెప్పాలి, ఇప్పుడే."

"నేను మాట్లాడతా. మీ ఎండదేశం వాళ్లకి ఏడ్చేవాళ్లతో మాట్లాడ్డం చేతకాదు," అంటూ క్రిస్టా నవ్వబోయింది. నవ్వు రాలేదు. లేచి వరండాలోకి వెళ్లింది.

చాలాసేపటికి తిరిగొచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. పాపం ఎన్ని మాటలు పడిందోనని డ్వేన్‌కి జాలేసింది.

"బాగా తిట్టిందా?"

"లేదు. కోపమే లేదు. కొడుకు పేరుతో ఒక కబురొచ్చి ఎన్నాళ్లయిందో. మళ్లీ మళ్లీ చదువుకుందట."

"పైకి అలాగే అంటారు. మీట నొక్కింది నేను. నేనూ ఒక మాట చెప్పకపోతే నాకు ముద్ద దిగదు."

"వద్దు డ్వేన్. ఆమెని వదిలెయ్."

"ఒక్క నిమిషమే," అంటూ అతను తెర మీది నంబరు చూసి, బల్ల మీది ఫోనులో నొక్కాడు.

క్రిస్టా కోటు జేబులో ఫోను మోగింది.