ఆరు ఎత్తుల్లో కట్టు

రండమ్మా, ఇలా దగ్గరికి జరగండి. గొంతు పెంచి చెప్పే కథ కాదిది.

చల్లపల్లిలో బట్టల వ్యాపారం చేసే కోటిలింగం తన ముందుగదిలో చదరంగం పరిచాడు. నల్ల పావులు తనవి. తెల్లవి ఎదురుగా కూర్చున్న హర్షవర్ధన్‌వి.

"గెలిచావా, మా శ్రీదుర్గని నీకిచ్చి చేస్తాను. ఓడావా, మళ్లీ ఈ గుమ్మం తొక్కకూడదు. సరేనా అబ్బాయ్?"

"సరేనండీ."

"నేనేమన్నా పందెం కోడినా తాతయ్యా?" అంది శ్రీదుర్గ, వంటింటి గుమ్మంలోంచి.

"కోడివైతే ఇంత ఆలోచన దేనికే? నూలు వడికే ఇంటి పిల్లని దుక్కి దున్నే ఇంటికి ఊరికే పంపిస్తానా?"

హర్షవర్ధన్ తాత రత్తయ్య కంకిపాడు రైతు. మనవడి పక్కనే కుర్చీలో ఉన్నాడు. "మేం నాగలి వదిలి ఇరవయ్యేళ్లయిందండీ బావగారూ, ఇప్పుడన్నీ ట్రాక్టర్లేగా!" అన్నాడు గట్టిగా.

"అరవక్కర్లేదు. కొత్తగా చెవి మిషన్ పెట్టించాను, చీమ నడిచినా వినపడుతోంది. ఆ బావగారు అనే పిలుపు మాత్రం ఆట అయ్యేదాకా ఆపండి," అన్నాడు కోటిలింగం. తర్వాత కుర్రాడి వైపు తిరిగాడు. "ఇంకో మాట. మా ఇంట్లో ఒకసారి పడుకోబెట్టిన రాజుని మళ్లీ లేపే పద్ధతి లేదు. మా నాన్న నాటి నుంచీ అంతే. ఓడాననుకున్నవాడు రాజుని పడుకోబెట్టటం, లేచి పోవటం. అయ్యో పొయ్యో అంటే కుదరదు."

ఆట మొదలైంది. మగ్గం గదిలో కోటిలింగం భార్య భద్రమ్మ నూలు కండెలు చుడుతోంది. గుమ్మం తెర కాస్త తొలగి ఉంది. రాట్నం గిరగిరా తిరిగేది, ఆగేది. కోటిలింగం ఎత్తు వేసేవాడు. రాట్నం మళ్లీ తిరిగేది.

కుర్రాడు మంచి ఆటగాడే. కాలేజీలో కప్పులు గెలిచినవాడు. అయినా ముసలాయన ఆ రోజు ఆడిన ఆట ఎన్నడూ ఆడింది కాదు. తలుపు వేసినట్టు ఒక్కొక్క దారీ మూసుకుంటూ వచ్చాడు. హర్షవర్ధన్ నుదురు చెమర్చింది.

గుమ్మంలో నిలబడ్డ శ్రీదుర్గ, ఇద్దరూ వేసిన ప్రతి ఎత్తునీ ఫోనులో ఎక్కించుకుంటోంది. హర్షకి చెప్పటానికి కాదు, తన రాత ఎటు పోతోందో ముందే తెలుసుకుందామని. చదరంగం ఆడే ఫోను మనలాగా ఊహించదు. పెరట్లో కోడిపెట్టని పట్టేవాళ్లు ముందు కంచె సందులన్నీ చూసుకుంటారే, అలా వెతుకుతుంది. రాజు మీదికి వెళ్లే ఎత్తులు ముందు చూస్తుంది. దానికి అవతలివాడు ఎన్ని రకాలుగా తప్పుకోగలడో అన్నీ చూస్తుంది. అందులో ఒక్కొక్కదానికీ మళ్లీ బదులు చూస్తుంది. ఎక్కడైనా ఒక్క సందు మిగిలిందా, నోరెత్తదు. అన్నీ మూసుకుపోయాయంటేనే 'కట్టు' అంటుంది. ఇక దానికి తిరుగు లేదు.

హర్షవర్ధన్ గుర్రాన్ని జరిపాడు.

శ్రీదుర్గ ఫోను తెర మీద అక్షరాలు మారాయి. ఆరు ఎత్తుల్లో కట్టు. నల్లవాళ్లదే ఆట.

కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. అదే. చదరంగం పలక మీద చూస్తే ఏమీ తెలియదు. రెండు వైపులా మంత్రులున్నాయి, ఏనుగులున్నాయి. కానీ హర్ష ఎటు జరిగినా ఆరో ఎత్తుకి అతని రాజు చచ్చినట్టే. ఇక తాతయ్య చెయ్యి కదపటమే మిగిలింది. శ్రీదుర్గ గోడకి జారగిలబడింది.

రాట్నం ఆగింది.

కోటిలింగం చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి గాల్లోనే నిలిచింది. మొహం నల్లబడింది. మగ్గం గది వైపు ఒకసారి చూశాడు. ఏదో అనబోయాడు, రత్తయ్యని చూసి నోరు మూసుకున్నాడు. పలకని అటూ ఇటూ వెతికాడు. పెద్ద నిట్టూర్పు ఒకటి విడిచి, తన నల్ల రాజుని మెల్లగా పడుకోబెట్టాడు.

"గట్టివాడివేనయ్యా. ఆరు ఎత్తుల్లో నాకు కట్టు. ఇంక ఆడి లాభం లేదు."

హర్షవర్ధన్ పలక వంక, ఆయన వంక తెల్లబోయి చూశాడు. "నాకేం కనపడలేదండీ..."

"నోర్మూసుకోరా!" అని రత్తయ్య మనవడి తొడ మీద ఒకటి చరిచి లేచాడు. "బావగారూ, ఇప్పుడు పిలవొచ్చాండీ?"

"పిలవండి. మాటంటే మాటే," అన్నాడు కోటిలింగం నీరసంగా.

శ్రీదుర్గ ఒక్క పరుగున మగ్గం గదిలోకి వెళ్లింది. "నానమ్మా, తాతయ్యకేమైంది? గెలిచే ఆటలో..." అని మాట మధ్యలో ఆగిపోయింది.

కండెల బుట్టలో భద్రమ్మ ఫోను వెలుగుతోంది. అందులోనూ అదే పలక, అవే ఆరు ఎత్తులు. పైన తాతయ్య పేరు మీద కాల్ ఇంకా నడుస్తోంది. ఫోనులో గుసగుసగా చెప్పిన మాట కూడా నేరుగా ఆయన చెవి మిషన్లోకే వెళ్తుంది.

భద్రమ్మ కాల్ కట్ చేసింది.

"పొద్దుటి నుంచీ ఎత్తులు చెప్పింది నువ్వా? నా పెళ్లి చెడగొట్టటానికా!"

"కట్టుకున్న మొగుడు చెప్పమన్నాడు, చెప్పానే."

"మరి చివర్లో అబద్ధమెందుకు చెప్పావు?"

"అబద్ధమేం లేదు, అమ్మతోడు. 'అయ్యో, ఆరు ఎత్తుల్లో కట్టండీ, తప్పే దారి లేదట' అని ఉన్నదే చెప్పాను," అంది భద్రమ్మ, రాట్నం మీద మళ్లీ చెయ్యి వేస్తూ. "కట్టు ఎవరికి అని, అంతమంది ముందు ఆయన నోరు తెరిచి అడగలేడుగా!"

ఇదీ సంగతి. గుర్తుంచుకుని మీవాళ్లకీ చెప్పండి. చల్లపల్లి వైపు వెళ్లినప్పుడు మాత్రం గుసగుసగా కూడా వద్దు. ఆ మిషన్‌కి చీమ నడిచినా వినపడుతుంది.