జీడిపిక్కల బేరగాడు

ప్రమోదిని “వాతావరణ సమతుల్యత” అనేసరికి రత్నాలమ్మ ఆవలించింది. “కర్బన ఉద్గారాలు” అనేసరికి మన్మథరావు కుర్చీలోనే గుర్రు మొదలెట్టాడు. ఊరి ప్రెసిడెంటే నిద్రపోతే మిగతావాళ్ళు మేలుకుని ఏం సాధిస్తారు? ఆడవాళ్ళు చేపల కూర గురించి గుసగుసలాడుకుంటున్నారు. మగవాళ్ళు ఒక్కొక్కరే బీడీ వంకతో లేచిపోతున్నారు.

ఆ మీటింగు జరుగుతున్నది ఉద్దానంలో, సముద్రం పక్క ఊళ్ళో, తుపాను షెల్టరు అరుగు మీద. విషయం చిన్నదేం కాదు. ఒడ్డు పొడవునా ఉన్న ఊరుమ్మడి సరుగుడు తోటని కొట్టించి, ఆ జాగాలో రొయ్యల చెరువులు తవ్వుతానని బయటి ఆసామి ఒకడు తగులుకున్నాడు. ఊరు ఊఁ అంటే మర్నాడే గొడ్డళ్ళు దిగుతాయి.

ఆ సరుగుడు వెనకే రత్నాలమ్మ కొబ్బరితోట. తొంభైతొమ్మిది తుపానుకి సగం చెట్లు పోయాయి. మిగిలిన సగం మీదే బతుకుతోంది పాపం. అయినా ఆవలించింది. టెక్కలి నుంచి వచ్చిన ఈ స్వచ్ఛంద సంస్థ అమ్మాయి మాట్లాడేది తెలుగో కాదో ఆవిడకి తేలలేదు మరి.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఒక గొంతు లేచింది.

“ఏటమ్మా ఈ సోది? భూమి వేడెక్కితే మంచిదే కదేటి. సలికాలం దుప్పట్లు అక్కర్నేదు.”

అందరూ తిరిగి చూశారు. స్తంభానికి చేరబడి పల్లీలు నములుతున్నాడు కూర్మనాథం. పలాస నుంచి జీడిపిక్కల బేరానికని పొద్దున్నే స్కూటరు మీద దిగాడు. దిగిన దగ్గర్నుంచీ మీ పిక్కలు పుచ్చు, మీ ఊరు చచ్చు అని గుమ్మం గుమ్మానికీ నోరు పారేసుకున్నాడు. ఒక్క పిక్క కొన్న పాపాన పోలేదు. బయటి బేరగాళ్ళంటే ఆ ఊరికి మామూలుగానే ఒళ్ళుమంట. ఇతగాణ్ణి చూస్తే అరికాలి మంట నెత్తికెక్కింది.

“దుప్పటి సంగతి మీరే ఎత్తారు కాబట్టి చెప్తాను బావగారూ,” అంది ప్రమోదిని.

అరుగంతా నవ్వింది. ఆ పక్కల ముక్కూమొహం తెలియనివాణ్ణి కూడా బావా అనేయడం మామూలే. మీటింగు పెట్టిన మేడం అనడమే కొత్త. మన్మథరావుకి మెలకువ వచ్చింది.

“భూమికి ఎప్పట్నుంచో ఒక పల్చటి దుప్పటి ఉంది. అది లేకపోతే చలికి చస్తాం. బొగ్గు, పెట్రోలు తగలేసి, ఆ పొగతో మనం దాని మీద బొంతలు కప్పుతున్నాం. నడి వేసవిలో మీ మీద నాలుగు బొంతలు కప్పితే ఏం చేస్తారు?”

“తీసి అవతల పారేత్తాను.”

“భూమికి చేతుల్లేవు కదా. అందుకే ఉడికిపోతోంది. సముద్రమూ వేడెక్కుతోంది. వేడెక్కిన నీళ్ళు ఉబ్బి ఒడ్డు మీదికొస్తాయి. ఆ వేడి తాగి తుపానులు బలుస్తాయి.”

“నీకు వంటొచ్చో రాదో గానీ కతలు బాగానే వండుతున్నావు. అంత తుపానుని ఈ నాలుగు సరుగుడు కర్రలు ఆపుతాయేటి? కొట్టుకుని పొయ్యిలో పెట్టుకోండి.”

ఆ మాటకి రత్నాలమ్మ లేచింది.

“నీ నోరు పడిపోను. ఆపకపోయినా జోరు తగ్గించవేటి? సరుగుడు ఎనకున్న నా కొబ్బరిసెట్లు నిలబడ్డాయి. కాళీ ఉన్నకాడియి కూలిపోనాయి. నా కళ్ళతో సూసినాను. ఈ పిల్ల సెప్తన్నదీ అదే కదా. నీ బుర్రకి ఎక్కనేదేటి?”

“సరే, మీరు నాలుగు సెట్లు ఉంచుతారు. పెద్ద పెద్ద దేశాలోలు పొగలు మానేత్తారేటి? మీ ఊరొకటి బాగుపడితే లోకం బాగుపడిపోద్దా?”

ప్రమోదిని నోరు తెరిచేలోపే రత్నాలమ్మ అందుకుంది.

“పక్కోడు కొంపకి నిప్పెట్టుకుంటే నానూ నా కప్పు అంటించుకోవాలేటి? మా ఒడ్డు మేం నిలబెట్టుకుంటాం. మమ్మల్ని సూసి పక్కూరోలు నిలబెట్టుకుంటారు. నువ్వు సూత్తే సూడు, నేకపోతే ఎలిపో.”

“కాళీలున్నకాడ గాలికి అడ్డుగా మొగలి పొదలు పాతేద్దాం,” అన్నాడు బీడీ పారేసి వచ్చిన ఒకాయన.

“మీరు పాతితే బతుకుతాయేటి,” అని నవ్వాడు కూర్మనాథం.

అంతే. అప్పటిదాకా మొగలి ఊసే ఎత్తనివాళ్ళు కూడా పలుగులు ఎవరింట ఉన్నాయో అడగడం మొదలెట్టారు. మన్మథరావు గాలివాటం మనిషి. తోట కొట్టే ప్రసక్తే లేదనీ, తనది మొదట్నుంచీ అదే అభిప్రాయమనీ ప్రకటించాడు. రొయ్యల ఆసామిని రావద్దని అక్కడికక్కడే కబురు పెట్టాడు. రత్నాలమ్మకి సంతోషంతో ఏడుపొచ్చేసింది.

కూర్మనాథాన్ని బూతులతో ఊరి చివరిదాకా సాగనంపారు. ఎవరో కొబ్బరి డొక్క విసిరితే స్కూటరుకి తగిలింది కూడా.

ప్రమోదినికి మాత్రం బొండాలు కొట్టి ఇచ్చారు. బస్సు దాకా తోడొస్తామన్నారు. ఆమె వద్దని, జీడితోటల మధ్య నుంచి ఒక్కతే రోడ్డు వైపు నడిచింది. మలుపు తిరిగేసరికి బాటకి అడ్డంగా స్కూటరు పెట్టుకుని నిలబడి ఉన్నాడు కూర్మనాథం. చుట్టుపక్కల నరపురుగు లేదు.

“రేపటి ఊళ్ళో నన్ను ఇంకాస్త గట్టిగా తిట్టు బావా, ఇవాళ కారం తగ్గింది,” అంది ప్రమోదిని, వెనక సీటెక్కి మొగుడి నడుము పట్టుకుంటూ.